చన్నీళ్లకు ఉక్కు ఇచ్చిన జవాబు

సముద్రపుటొడ్డున ఒక అణు విద్యుత్ కేంద్రం, దానికి అనుబంధంగా లోహాల పరీక్షశాల ఉండేవి. ఆ శాలలో పనిచేసే తరళ అనే యువ శాస్త్రవేత్తకు ఒక చిక్కు వచ్చిపడింది. ఆమె రాసిన నివేదిక మీద గురువు సంతకం పెట్టడం లేదు.

ముప్ఫై ఏళ్లుగా నడుస్తున్న రియాక్టర్‌ను ఇంకో పదేళ్లు నడపవచ్చునా అన్నది ఆ నివేదికే తేల్చాలి. మర్నాడే సమావేశం. రియాక్టర్‌ను కడుపులో పెట్టుకున్న ఉక్కు పాత్రను కోసి పరీక్షించలేరు కదా! అందుకే పాత్రను చేసిననాడే, అదే ఉక్కుతో వేలెడంత కడ్డీలు చేసి లోపలి గోడ పక్కన వేలాడదీశారు. గోడ పడిన కష్టమంతా అవీ పడ్డాయి. వాటిలో మిగిలిన చివరి పన్నెండు ఇప్పుడు తరళ చేతికి వచ్చాయి.

"ఇన్నేళ్లు న్యూట్రాన్ల దెబ్బలు తిని ఈ ఉక్కు గట్టిపడిందే గాని నీరసించలేదు, ఉస్తాద్ గారూ. సుత్తితో ఆరింటిని కొట్టాను. ఆరూ గట్టిగా ఎదిరించాయి. ఇంకా సందేహమెందుకు?" అంది తరళ.

గురువు జమాలుద్దీన్ గారిని ఆ శాలలో అందరూ ఉస్తాద్ అనే పిలిచేవారు. ఆయన కాగితాలు తిరగేసి అడిగారు:

"ఎంత వేడి మీద కొట్టావు తల్లీ?"

"రెండు వందల తొంభై డిగ్రీలు. పాత్ర పనిచేసే వేడి అదే కదండీ."

"ఆపద వస్తే లోపలికి వదలడానికి ట్యాంకులో నీళ్లు ఉంచారుగా. అవి ఎంత వేడిగా ఉన్నాయి?"

తరళ నవ్వింది. "నీళ్లతో మనకేం పనండీ? మనది లోహాల శాల."

"వెళ్లి చూసిరా. ఫోను వద్దు, నడిచి వెళ్లు."

మిట్టమధ్యాహ్నపు ఎండలో వెళ్లి, చెమటలు కక్కుతూ తిరిగివచ్చింది.

"నీళ్లు ఇరవై ఆరు డిగ్రీలు. నా నడినెత్తి మాత్రం నూరు దాటింది."

"అయితే ఒక కడ్డీని ఇరవై ఆరు దగ్గర కొట్టు."

సుత్తి వదిలే ముందు, యంత్రం మీది ముల్లు ఏ అంకె దగ్గర ఆగుతుందో పైకి చెప్పి తీరాలన్నది ఆ శాల కట్టుబాటు. కడ్డీ ఎంత పెనుగులాడి విరిగితే అంకె అంత పెద్దది. వేడి కడ్డీలన్నీ నూట ముప్ఫైకి అటూ ఇటూ వచ్చాయి.

"చల్లగా ఉంది కనుక నూట పది. పందెం కాస్తారా? మిరపకాయ బజ్జీలు," అంది తరళ.

"కాశాను."

దళసరి గాజు గోడకు అవతల, యంత్రపు చేతులతో కడ్డీని అమర్చి ఆమె సుత్తిని వదిలింది. వేడి కడ్డీలు వంగి, సాగి, చిరిగినట్టు విరిగేవి. ఇది టప్పుమంది, అంతే. అడ్డమేమీ లేనట్టు సుత్తి అవతలికి దూసుకుపోయింది. ముల్లు తొమ్మిది దగ్గర ఆగింది.

"యంత్రం తప్పిందేమో!"

"ఇంకొకటి కొట్టు."

ఎనిమిది.

తరళ గాజుకు ముఖం ఆనించి చూసింది. విరిగిన ముఖాలు రెండూ పటికబెల్లం ముక్కల్లా తళతళమంటున్నాయి. ఎక్కడా సాగిన గుర్తు లేదు. కాగిపోతున్న గోడ మీదికి, దాన్ని కాపాడటానికే వదిలిన చన్నీళ్లు ఒక్కసారిగా వచ్చిపడటం ఆమె కళ్లకు కట్టింది.

తర్వాత ఎవరూ చెప్పకుండానే పనిలో దిగింది. మిగిలిన నాలుగు కడ్డీలను నలభై దగ్గర రెండు, అరవై దగ్గర రెండు విరిచింది. నలభై దగ్గర ముల్లు ముప్ఫై దాటలేదు. అరవై దగ్గర తొంభైని మించింది.

పాత నివేదికను చించి, కొత్తది రాసింది: పదేళ్లు నడపవచ్చు. అయితే అంతకుముందే ట్యాంకుకు హీటర్లు అమర్చి, అందులోని నీళ్లు ఎన్నడూ అరవై డిగ్రీలకు తగ్గకుండా చూడాలి.

ఉస్తాద్ ఒక్కసారి చదివి సంతకం పెట్టారు.

"మీకు ముందే తెలుసు. అప్పుడే ఒక్క మాట చెబితే సరిపోయేది కదండీ! ఎండలో తిప్పారు," అంది తరళ.

ఆయన కలానికి మూత పెట్టారు.

"చెబితే నన్ను నమ్మేదానివి, తల్లీ. ఉక్కును అడిగేదానివి కాదు."