టముకు మోసిన బొమ్మ

వెనకటికి ఏడు పల్లెలకు కలిపి ఒకే పెద్ద ఉండేవాడు. మూడేళ్లకోసారి, కార్తీక పున్నమి నాడు, ఇంటికొకరు చావడికొచ్చి తమకు నచ్చినవాడి కుండలో ఆకు వేసి అతణ్ణి ఎన్నుకోవాలి. సగం ఇళ్లవాళ్లయినా రాకపోతే పాత పెద్దే కొనసాగుతాడు. అందుకే అప్పటి పెద్ద జగ్గభూపతి ఆ సంగతి ఎవరికీ గుర్తు చేసేవాడు కాదు.

ఈసారి గోడలకు సున్నం వేసే నూకాలు ఊరుకోలేదు. చావడి వీధి గోడల మీద ఎర్రమట్టి జాజుతో బొమ్మలు గీసింది: పున్నమి చంద్రుడు, కుండ, ఆకులు పట్టుకొచ్చే జనం. ఒక్క వీధికే జాజంతా అయిపోయింది. గడువు మూడు రోజులే, ఇంకా ఆరు పల్లెలున్నాయి!

జగ్గభూపతి మండిపడ్డాడు. "ఒసే, అవన్నీ చెరిపెయ్!"

"అలాగే దొరా. కానీ ఇలాంటివి ఇంకెన్ని గోడల మీదున్నాయో! టముకు వేయించండి. ఏ బొమ్మో విడమర్చి చెప్పించండి సుమా. లేకుంటే జనం అమ్మవారి బొమ్మలూ చెరిపేస్తారు. ఆ పాపం మీకెందుకు?"

దొర గబగబా చెంపలేసుకున్నాడు.

సాయంత్రానికల్లా ఏడు పల్లెల్లో టముకు మోగింది. "వినండహో! ఈ పున్నమికి ఇంటికొకరు చావడికొచ్చి, పెద్దను ఎన్నుకోవడానికి కుండలో ఆకు వేయాలని చెప్పే బొమ్మ మీ గోడ మీదుంటే చెరిపేయండహో!"

ఏ బొమ్మా లేని ఇళ్లవాళ్లు కూడా పున్నమికెన్ని రోజులో వేళ్ల మీద లెక్కపెట్టుకున్నారు.

పున్నమి పొద్దున చావడి చాలక జనం వీధిలో నిలబడ్డారు.

"మిమ్మల్నందరినీ ఎవడు రమ్మన్నాడ్రా?" అని అరిచాడు జగ్గభూపతి.

ఒక ముసలాయన ఆకు పైకెత్తాడు. "తమరే కదా దొరా! పల్లెపల్లెకూ టముకు వేయించి మరీ చెప్పారు. తమరి మాట ఎప్పుడైనా కాదన్నామా?"