జమ్ము పొదలో అరువు పాట

మడుగు గట్టున జమ్ము పొదలో కాపురముండే సింగన్న నక్కకి ఒక గొప్ప గుణం ఉండేది. ఆయన ఎవరి పాటా చెవిన పెట్టేవాడు కాదు. పెడితే తన గొంతుకి అంటు తగులుతుందని జాగ్రత్త.

చుట్టూ చేపల చెరువులు తవ్వాక మిగతా నక్కలన్నీ వలసపోయాయి. అయినా పొద్దు వాలగానే సింగన్న మోరెత్తి ఊళ వేసేవాడు. నక్కల్లో ఊళకి ఊళ బదులు రావాలి, బదులిచ్చినవాళ్ల మీద కోర వేయకూడదు. అది వాళ్ల కట్టుబాటు. ఆయన చెవులు రిక్కించి కూర్చునేవాడు. ఏమీ వినబడకపోతే, ఇవాళ గొంతు మరీ బాగుందనుకుని పడుకునేవాడు.

ఆ చలికాలం మంచుకొండల అవతలి బాతుల గుంపులోంచి ఒకటి రెక్క బెణికి మడుగు మధ్య దిబ్బ మీద ఉండిపోయింది. సాయంత్రాలు ఏదో పాడేది. ఆ పాటకి అర్థమేమిటని సింగన్న గట్టున మేస్తున్న గేదె పోలమ్మని అడిగాడు.

"నాకేం తెలుసు నాయనా. నీ ఊళకి అర్థమూ తెలీదు," అంది పోలమ్మ నెమరు ఆపకుండా. "ఏది విన్నా ఆ పూట నాకు పాలు చేపుకు రావు."

అర్థంతో పనేముంది, బాతుని గట్టుకి రప్పించడానికి వరస వస్తే చాలనుకున్నాడు సింగన్న. రెండు పొట్టి కూతలు, ఒక పొడుగు కూత, తర్వాత మౌనం. బాగా సాధన చేసి, ఒక సాయంత్రం పొదలో దాగి పాడాడు. దిబ్బ మీంచి బదులొచ్చింది. బాతు ఈదుకుంటూ వచ్చి సరిగ్గా ఆయన ముక్కు ముందు గట్టెక్కింది.

"నక్కవని వాసన ముందే చెప్పింది," అంది. "కానీ 'నేనిక్కడున్నాను, ఎవరైనా ఉన్నారా' అని నువ్వు పాటలో అడిగాక రాకుండా ఎలా ఉంటాను బాబాయ్?"

సింగన్న తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది. ఇన్నాళ్లూ మోరెత్తి తాను అడిగిందీ అదే. బదులిచ్చిన దాన్ని కొరకడం ఎలా? కట్టుబాటుని లోపల తిట్టుకుని నోరు మూశాడు.

"రెక్క నయమైంది. ఒక్కదాని గొంతు పైదాకా అందడం లేదు, నువ్వూ కలుపు," అంది బాతు.

కలిపాడు. ఉత్తరానికి మళ్లిన గుంపొకటి ఆకాశంలోంచి బదులిచ్చింది. బాతు ఎగిరిపోయింది.

"కూడు పోయినట్టుందే," అంది పోలమ్మ.

పరాయి పాటని ఎరగా వేసేముందు అర్థం కనుక్కోవాలి, ఒక్కోసారి అది మన పాటే అయి ఉంటుంది.

సింగన్న ఇప్పుడు ఆ వరస తప్పు లేకుండా పాడతాడు. పాడాక వచ్చే మౌనంలో ఎలా కూర్చోవాలో మాత్రం ఇంకా నేర్చుకోలేదు.