పరిగెపిల్ల తోకమీద దిష్టిచుక్క

ఒకప్పుడు పరిగెచేపల ఒంటిమీద మచ్చన్నది లేదు. చింతపండేసి తోమిన వెండిగిన్నెల్లా తళతళలాడేవి. ఎంత తళతళంటే, గెడ్డ ఒడ్డున నడిచేవాళ్ళు పట్టపగలే కళ్ళు చిట్లించుకుని, ఒకళ్ళ చెయ్యి ఒకళ్ళు పట్టుకుని తడుముకుంటూ పోయేవారు. గెడ్డంటే కొండ దిగివచ్చే చిన్న ఏరు.

మెరుపుతోపాటు పొగరూ వచ్చింది. "పక్కన ఇంకోటుంటే నా మెరుపు ఎవరు చూస్తారు?" అని ఏ పరిగె దారి ఆ పరిగెదే.

చూసేవాడు చూడనే చూశాడు. వాడు లకుముకిపిట్ట. ఒంటరిగా మెరిసేదాన్ని ఏరుకోడం ఎంతసేపు? పొద్దున్న పలహారానికి నూరు, మధ్యాహ్నం భోజనానికి వెయ్యి, మధ్యలో నోరూరుకోక ఇంకో రెండొందలు. వాడి బరువుకి కొమ్మ వంగి వంగి నేలకి ఆనింది.

చివరికి గెడ్డ మొత్తానికి ఒక మగపరిగె, ఒక ఆడపరిగె మిగిలాయి. ఆడదాని కడుపు నిండా గుడ్లు.

ఆ ఊళ్ళో తవిటమ్మని ఒక మంత్రసాని ఉండేది. ఆమె చేతిలో ఒక్క బిడ్డ పోలేదు. మనుషులకే కాదు, మేకలకీ గేదెలకీ పురుడు పోసేది. ఒకసారి దారితప్పి వచ్చిన ఏనుక్కి పురుడు పోసి, ఆ గున్నని ఒళ్ళో పడుకోబెట్టుకుని ఉగ్గు కూడా పట్టింది. అంత ఘటికురాలు.

ఓ సాయంత్రం ఆమె కాళ్ళు కడుక్కోడానికి గెడ్డలో దిగితే, ఆడపరిగె వచ్చి బొటనవేలు పట్టుకుంది.

"అమ్మా, నాకు పురుడు పొయ్యి. ఈ గుడ్లు పోతే ఇక పరిగెన్నదే ఉండదు."

"సేపకి పురుడేటే? నలుగురూ నవ్విపోరూ?" అంది తవిటమ్మ. అంటూనే చెంబు ముంచింది. ఆడపరిగెనీ మగపరిగెనీ ఇంటికి తెచ్చి బానలో వేసింది.

తెల్లారి వెలుగు పడగానే పరిగెమ్మ గుడ్లు పెట్టింది. బాలింతకి కాయం మందు తెద్దామని తవిటమ్మ ఇలా లోపలికెళ్ళి అలా వచ్చింది. బానలో ఒక్క గుడ్డు లేదు.

"ఏవే గుడ్లు?"

పరిగెమ్మ బుగ్గలూ మగపరిగె బుగ్గలూ బూరెల్లా ఉబ్బి ఉన్నాయి.

"ఓలమ్మో! కన్న కడుపులోకే మళ్ళీ తోసేసినావటే?"

"ఆకలేసిందమ్మా," అంది పరిగెమ్మ గుటక వేసి. "కళ్ళముందు గుండ్రంగా కనబడ్డాయి. నావేనని తోచలేదు."

కాన్పులోనే ఇలా అయితే తవిటమ్మ చేతివాసి ఏం కావాలి? ఆ పూటంతా ఆలోచించి, గెడ్డలోంచి గంపెడు నాచు తెచ్చి బాన అడుగున పరిచింది. పరిగెమ్మకి నాలుగురోజులు కడుపునిండా దోమపిల్లలు పెట్టింది. అయిదోరోజు తెల్లారుతూనే పరిగెమ్మ మళ్ళీ గుడ్లు పెట్టింది. అవి జారి జారి నాచులోకి దిగాయి. తల్లి వెనక్కి తిరిగేలోపు తవిటమ్మ తల్లినీ తండ్రినీ చేత్తో తీసి పక్క కుండలో వేసింది.

"అలక మానేసి తొంగో. నీ పిల్లలకి నువ్వే శత్రువ్వి."

మూడోనాటికి వెంట్రుక ముక్కల్లాంటి పిల్లలు, మూడువేలు! వాటి నోట్లో ఏం పడుతుంది? ఉడికించిన కోడిగుడ్డు పచ్చసొన పల్చటి గుడ్డలో మూటగట్టి నీళ్ళలో పిండింది తవిటమ్మ. ఆ నెలరోజులూ ఊళ్ళో కోళ్ళు ఆమె కనబడితే చాలు, తాటిచెట్టెక్కి కూచునేవి.

పిల్లలు పెరిగాయి, మెరిశాయి. అమ్మ పోలికే, ఒకదానికొకటి పడదు. గుండ్రటి బానలో మూలలెక్కడివి? అయినా ఒక్కోటీ ఒక్కో మూల వెతుక్కుంది.

వదిలే రోజున తవిటమ్మ బాన నెత్తినెట్టుకుని ఒడ్డుకి వెళ్ళేసరికి, లకుముకి ముక్కు నూరుకుంటున్నాడు.

"అత్తా, అల్లుడొస్తాడని ఎంత బాగా మేపావే!" అన్నాడు.

తవిటమ్మ వాడి కళ్ళు చూసింది. నరుడి కంటికి నల్లరాయైనా పగులుతుందంటారు. మరి ఈ తిండిపోతు కంటికి మూడువేల పసికూనలు ఆగుతాయా? ఆమెకి తెలిసిన మందు ఒక్కటే. బాన దించకుండానే పరుగున పోయి ఇంట్లోంచి ఆముదం కాటుక తెచ్చింది.

బుగ్గన పెట్టబోతే మొప్ప తెరుచుకుని చెరిగిపోయింది. బుగ్గన కాకపోతే అరికాలికి పెట్టాలి. చేపకి కాలేది? కాలుండాల్సిన చోట తోకుంది. సరే, తోక మొదట్లో పెట్టింది. ఒకటా రెండా, మూడువేల చుక్కలు! వేలు నల్లబడి మళ్ళీ తెల్లబడలేదు.

"నేను నీళ్ళని," అంది గెడ్డ. "నాలో కాటుక నిలుస్తుందా?"

"నిలబెట్టమన్నానా? కడగొద్దన్నాను. పిల్లలు లేక ఎలగున్నావో నీకు తెలీదేటి?"

"ఒక్కరూ కితకితలు పెట్టక ఎన్నాళ్ళయిందో," అంది గెడ్డ. "ముట్టనులే, వదులు."

వదిలింది. అప్పుడు చూడాలి తమాషా! ప్రతి పిల్లకీ ముందుదాని తోకమీద చుక్క కనబడింది. తన తోక తనకి కనబడదాయె.

"దానికి పెట్టి నాకు పెట్టలేదు! ఆగవే, ఆ చుక్క ఇలా తే!" అని తరిమింది. ముందుది తన ముందుదాన్ని తరుముతోంది. అది ఎడమకి తిరిగితే మూడువేలూ ఎడమకే, కుడికి తిరిగితే మూడువేలూ కుడికే.

లకుముకి దూకాడు. నల్లగా కనబడిందే కన్ను, అటే తల అనుకుని ముక్కు విసిరాడు. ఆ కన్ను కాస్తా తోకై ముందుకు జారిపోయింది. ముక్కు ఇసకలో దిగబడి, కాళ్ళు పైకి లేచి, జెండాకర్రలా నిలబడ్డాడు. నూటపదహారుసార్లు దూకాడు. ఒక్కటి దొరకలేదు.

"అత్తా, నీ పిల్లలకి ఎన్ని కళ్ళే?" అన్నాడు ఇసక ఉమ్ముతూ.

"నీ కంటికి సరిపడినన్ని!" అంది తవిటమ్మ.

అప్పటినుంచే పరిగె తోకదగ్గర నల్లచుక్క, అప్పటినుంచే పరిగెలు గుంపు విడవకుండా తిరగడం. కావాలంటే ఒక్కదాన్ని గాజుతొట్టెలో వేసి చూడండి. మేత ముట్టదు, మూల కదలదు. పక్కన ఇంకో అరడజను వెయ్యండి. ముందొక చుక్క కనబడిందో, "ఆగవే, నా చుక్క!" అని బయల్దేరుతుంది.