ఆడపడుచులు అలిగిన చెరువు

అనగనగా ఒక ఊరు. ఆ ఊరికి రాజు లేడు గానీ, రాజంత దర్జా ఉన్న పెదనాయుడు ఉన్నాడు. మనిషి మంచివాడే. కాకపోతే గొప్ప చూపించుకోవడమంటే ప్రాణం.

ఆ ఊరి చెరువు నిండా ముళ్ళతుమ్మలు. ఏటా వానలు ముదరగానే ఎక్కడి నుంచో కొంగలు వచ్చి, ఆ తుమ్మల మీద గూళ్ళు కట్టి పిల్లల్ని లేపేవి. పుట్టింటికి పురుడుకొచ్చిన ఆడపడుచులని ఊరంతా వాటిని అపురూపంగా చూసేది. వాటి రెట్ట కలిసిన నీరు పారితే చేలు విరగపండేవి.

ఒకసారి నాయుడి వియ్యంకుడు చెరువుగట్టున రెట్ట కంపుకు ముక్కు మూసుకున్నాడు. నాయుడికి తల కొట్టేసినట్టయింది. మర్నాడే తుమ్మలన్నీ నరికించాడు. రాతిమెట్లు కట్టించి తామరలు వేయించాడు. ఎదురు చెప్పేవారెవరు?

ఆ ఏడు కొంగలు వచ్చాయి. చెరువు చుట్టూ తిరిగి తిరిగి వెళ్ళిపోయాయి. పంట సగానికి పడిపోయింది. ఆడపడుచుల ఉసురు తగిలిందని జనం గొణిగారు. నాయుడికి అన్నం సహించలేదు.

మరుసటి ఏడు చోటు చూడటానికి ముసలికొంగ ఒకటి ముందుగా వచ్చింది. నాయుడు డప్పులతో, సన్నాయితో ఎదురెళ్ళాడు. కొంగ బెదిరి ఎగిరిపోయింది. ఆపై ఏడు గట్టు నిండా వడ్లు పోయించాడు. "చేపలు తినే నోరు నాయనా మాది," అని కొంగ వెళ్ళిపోయింది. మూడో ఏడు నీళ్ళలో నగిషీల టేకుపందిరి కట్టించాడు. కొంగ దాని మీద వాలి అటూ ఇటూ చూసింది.

"ముచ్చటగా ఉంది నాయనా. మరి గూడెక్కడ కట్టను? గుడ్లెక్కడ పెట్టను?" అంది.

కొంగ ఈసారీ ఎగిరిపోయింది.

ఆ నెలలోనే కూతురు మంగాయి పురుడుకొచ్చింది. నాయుడు ముందుగదికి సున్నం కొట్టించి, పట్టెమంచం వేయించి, చుట్టాలందరికీ కబురంపాడు.

"నాకీ ఆర్భాటమెందుకు నాన్నా? అమ్మ నన్ను కన్న వెనకగది, ఆ నులకమంచం ఇయ్యి. ఎవరూ తొంగిచూడకుంటే అదే పదివేలు," అంది మంగాయి.

మంచం పశువులపాకలో మూలపడి ఉంది. నాయుడు తానే తెచ్చి నులక బిగించసాగాడు. బిగిస్తూ బిగిస్తూ ఆగిపోయాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"అయ్యో, ఆ ఆడపడుచుల పురిటిమంచం నేనే నరికించానే!" అనుకున్నాడు.

మేక తిని వదిలిన తుమ్మగింజ ఇట్టే మొలుస్తుంది. మనవరాలు పుట్టగానే నాయుడు గంప పట్టుకుని మేకలదొడ్డికి వెళ్ళాడు.

"పెదనాయుడు పెంటికలు ఏరుతున్నాడ్రోయ్!" అని ఊరు విరగబడి నవ్వింది.

"నవ్వితే నవ్వారు గానీ, తలో గంపా పట్టుకురండి," అన్నాడు నాయుడు. నవ్వినవాళ్ళే గంపలు తెచ్చి, ఆ పెంటికలు చెరువు అంచుల వెంట చల్లారు.

రాతిమెట్లకు నాచు పట్టింది. ఎవరూ తోమలేదు. మనవరాలు పలక పట్టే వేళకు తుమ్మలు గుబురుకట్టాయి. ఆ వానాకాలం ముసలికొంగ ముక్కున పుల్లతో వచ్చి వాలింది. దాని వెనకే మందంతా వచ్చింది. మనవరాలు సంబరపడి డప్పుకోసం పరుగెత్తబోయింది. తాత చెయ్యి పట్టి ఆపాడు.

"ష్... గట్టిగా మాట్లాడకే తల్లీ. అది పురిటిల్లు," అన్నాడు.

పిల్లలూ, ఆదరించడమంటే మన గొప్ప చూపడం కాదు, వచ్చినవారికి కావలసిన చోటు విడిచిపెట్టడం.