ఉస్తాద్ జేబులోని స్క్రూడ్రైవర్

ఓబులేసు కట్టిన కంప్యూటరు ఆ పొద్దు నాలుగోసారి ఆరిపోయింది.

ప్రొద్దుటూరులో మస్తాన్ వలీ కంప్యూటర్ల అంగడికి ఒక ఆనవాయితీ ఉంది. పని పూర్తిగా నేర్చిన శిష్యుడికి ఉస్తాద్ తన జేబులోని పసుపు పిడి స్క్రూడ్రైవర్ తీసి ఇస్తాడు. అది చేతికొస్తే సొంత అంగడి పెట్టుకోవచ్చు. నాలుగేళ్లుగా ఓబులేసు కళ్లు ఆ జేబు మీదే.

"కంపెనీ పెట్టిన వేగం కంటే ఎక్కువ ఉరికిస్తా ఉస్తాద్, ఈ మిషన్‌ను!" అని నిన్న కోతలు కోశాడు.

"గంటసేపు ఆగకుండా ఉరికించు. స్క్రూడ్రైవర్ నీదే" అన్నాడు ఉస్తాద్.

వేగం పెంచితే ప్రాసెసర్ వేడెక్కుతుంది. ఆ వేడిని లాగేయడానికి దాని నెత్తిన కూలర్ అని ఒక లోహపు దిమ్మె, దానికో ఫ్యాను ఉంటాయి. ఓబులేసు కొత్త కూలర్ తెచ్చి పొద్దున్నే బిగించాడు. అయినా నాలుగు నిమిషాలకే వేడి నూరు డిగ్రీలు తాకేది, మిషన్ గుటుక్కుమనేది.

ఊరుకుంటాడా? ఇంకో రెండు ఫ్యాన్లు బిగించాడు. పెట్టె పక్క రేకు ఊడదీసి, ఎదురుగా టేబుల్ ఫ్యాను పెట్టాడు. సోడా అంగడి నుంచి ఐసుగడ్డ తెచ్చి, బేసిన్‌లో వేసి ఆ ఫ్యాను ముందర ఉంచాడు. నడి ఎండాకాలంలో అంగడిలో అందరికీ చలి పుట్టింది గానీ ప్రాసెసర్‌కు పుట్టలేదు.

"ఈ కూలర్ చాలదు ఉస్తాద్. హైదరాబాదు నుంచి పెద్దది తెప్పించాల" అన్నాడు. ఏడుపొక్కటే తక్కువ.

మస్తాన్ వలీ బల్ల మీది సీసాలోంచి నిమ్మ చాక్లెట్టు ఒకటి తీసి, కాగితంతో సహా నోట్లో వేసుకున్నాడు. కళ్లు మూసుకుని చప్పరించాడు.

"తియ్యగా లేదే" అన్నాడు.

కాగితంతోనే ఇంకోటి వేసుకున్నాడు. బుగ్గలు రెండూ ఉబ్బాయి.

"ఊహూఁ, చాల్లేదు. హైదరాబాదు నుంచి పెద్దది తెప్పించాల."

అంత దిగుల్లోనూ ఓబులేసుకు నవ్వొచ్చింది. "అయ్యో ఉస్తాద్! కాగితం తీయకుండా తింటే తీపి యాడ..."

మాట అక్కడే ఆగింది.

గబగబా కూలర్ విప్పి తిరగేశాడు. గీతలు పడకుండా కంపెనీవాళ్లు ప్రాసెసర్‌కు ఆనే అడుగున అంటించిన పల్చటి ప్లాస్టిక్ పొర అట్లాగే ఉంది. 'బిగించే ముందు తీసేయండి' అని దాని మీద ఎర్రటి అక్షరాలు కూడా ఉన్నాయి.

పొర ఊడబెరికాడు. అడుగు తుడిచి, వేడిని దిమ్మెకు చేర్చే పేస్టు రాసి, మళ్లీ బిగించాడు. వేడి డెబ్భై దగ్గర నిలిచిపోయింది. గంట గడిచింది. మిషన్ ఉరుకుతూనే ఉంది. ఐసు కరిగి బేసిన్‌లో నీళ్లు మిగిలాయి. ఓబులేసుకు ఎగిరి గంతేయాలనిపించింది గానీ, స్క్రూడ్రైవర్ అడగడానికి మాత్రం మొహం చెల్లలేదు.

"మీరెప్పుడు చూసినారు ఉస్తాద్?"

"పొద్దున నువ్వు బిగించేటప్పుడే."

"అప్పుడే చెప్పింటే పోయేది గదా!"

మస్తాన్ వలీ పడీపడీ నవ్వాడు. జేబులోంచి పసుపు పిడి స్క్రూడ్రైవర్ తీసి ఓబులేసు అరచేతిలో పెట్టి, వేళ్లు మూశాడు.

"మా ఉస్తాద్ నా ముందర తొమ్మిది చప్పరించినాడు. నీకు రెండే సరిపోయినాయిరా."