మోకాలెత్తు గడప

వడ్రంగం నరసింగాచారిగారికి ఒక అలవాటుండేది. శిష్యుడు ఏదైనా అడిగితే నోటితో బదులిచ్చేవారు కారు. "ఊఁ" అని ఊరుకుని, తరవాత ఏదో పనిలో పెట్టి చూపించేవారు. పాత చెక్కంటే ఆయనకి ప్రాణం. ఎవడైనా పాత దూలానికి మేకు కొట్టాడంటే వారం రోజులపాటు వాడి మొహం చూసేవారు కాదు. అలాంటి మనిషి కాబట్టే శిష్యుడు భానోజీ ఆ రోజు ధీమాగా అడిగాడు.

"గురువుగారూ, పాత కట్టడాన్ని ఇల్లుగా మార్చేటప్పుడు ఏది ఉంచాలి, ఏది తియ్యాలి? నా మటుకు నేను ఏదీ తియ్యలేదు. తప్పంటారా?"

తెలుసుకోవడానికి అడిగాడనుకునేరు! మెప్పు కోసం. భానోజీ సొంతంగా ఒప్పుకున్న మొదటి పని అది. రేవు వీధిలో ఓడల కాలంనాటి గిడ్డంగిని హయగ్రీవరావుగారు కొనుక్కుంటే, దాన్ని కాపురానికి తయారుచేసి ఇచ్చాడు. వంటగది, స్నానాల గది, కరెంటు, కొళాయిలు అన్నీ అమర్చి, పాత చెక్క మీద మాత్రం గీత పడనివ్వలేదు. అన్నిటికంటే వీధి గుమ్మం గడప చూసి ఊరంతా ముక్కున వేలేసుకుంది. ఒకే టేకు మాను, మోకాలెత్తు. తుపానుకి వీధిలోకి ఉప్పునీళ్ళొచ్చినా లోపలి బస్తాలు తడవకూడదని ఆ రోజుల్లో వేసింది. ఇప్పుడు రేవూ లేదు, బస్తాలూ లేవు. గడప మాత్రం ఉంది. దాని ఫొటో పేపర్లో కూడా పడింది.

"పద, చూద్దాం" అన్నారు ఆచారిగారు.

హయగ్రీవరావుగారు ఎదురొచ్చి ఇల్లంతా తిప్పి చూపించారు. ఆచారిగారు దూలాలు చూశారు, తలుపులు నిమిరారు, "పనితనం బావుంది" అన్నారు. ఇంక భానోజీ కాళ్ళు నేల మీద నిలవలేదు. అంతలో పెద్దాయన చూపు గుమ్మం పక్కనున్న ఆడవాళ్ళ చెప్పుల మీద పడింది. ఒకదానికి అడుగున ఎత్తు చెక్క వేసి ఉంది. రెండిటి మీదా దుమ్ము పొర కట్టింది.

"ఇవెవరివమ్మా?"

"నావేనండీ" అంది కిటికీ దగ్గర కుర్చీలో ఉన్న హయగ్రీవరావుగారి భార్య మాణిక్యాంబ. చిన్నప్పుడే పోలియో వచ్చి ఆవిడ ఎడమకాలు చచ్చుబడింది. అయినా పాత ఇంట్లో ఉన్నన్నాళ్ళూ చంకకర్ర వేసుకుని బజారుకీ, లైబ్రరీకీ తనే వెళ్ళొచ్చేది. "ఈ ఇంట్లోకొచ్చి మూడు నెలలు. నాలుగుసార్లు వేసుకున్నానేమో."

"నన్ను పిలిస్తే చెయ్యిచ్చి దాటించనూ?" హయగ్రీవరావుగారు నొచ్చుకున్నారు.

"దాటిస్తారు, ఎందుకు దాటించరు. కానీ ప్రతిసారీ పిలవాలి కదండీ" అంది ఆవిడ. అందరూ మెచ్చుకున్న ఇంటికి వంక పెట్టాననుకుందో ఏమో, తల దించేసుకుంది.

పని జరిగినన్నాళ్ళూ భానోజీ ఆవిడ పంపిన కాఫీ తాగాడు గానీ, ఈ గడప ఆవిడెలా దాటుతుందన్న ఊహే తట్టలేదు. సిగ్గుతో చచ్చిపోయాడు.

"అటూ ఇటూ ఏటవాలుగా బల్లలు వేసేస్తాను గురువుగారూ! అప్పట్లో కూలీలు అలాగే ఎక్కేవారట."

"వెయ్యి. వేసి, ఆవిడ చంకకర్ర పుచ్చుకుని, ఎడమకాలు ఆన్చకుండా నువ్వు దాటు."

వేశాడు. రెండడుగులు ఎక్కేసరికి కర్ర సర్రున జారింది. దభీమని పడ్డాడు, మోచెయ్యి గీసుకుపోయింది. ఎవరూ నవ్వలేదు. ఆచారిగారు పనిసంచీలోంచి రంపం తీసి వాడి చేతికిచ్చారు.

"అయ్యో గురువుగారూ! రెండొందలేళ్ళ టేకండీ!" భానోజీకి ఏడుపొక్కటే తక్కువ.

"నాకు తెలీదట్రా?" అన్నారాయన. గడపని ఓసారి నిమిరారు. మాణిక్యాంబ వైపు తిరిగారు. "ఇల్లు మీది తల్లీ. కొయ్యమంటారా?"

హయగ్రీవరావుగారు ఏదో అనబోయారు. ఆవిడ ఆగలేదు. "కొయ్యండి" అంది.

రెండు కొసలా కోసి మానుని బయటికి తీసేసరికి మధ్యాహ్నం దాటిపోయింది. గడప పోయినచోట తలుపుల కింద ఖాళీ మిగిలింది కదా, ఆ టేకునే చీల్చి తలుపుల అడుగున అతకమని ఆచారిగారు కొలతలు చెబుతున్నారు, భానోజీ కళ్ళు తుడుచుకుంటూ సుద్దతో గీస్తున్నాడు. చంకకర్ర టకటకలాడుతూ వాళ్ళ పక్కనుంచే వీధిలోకి వెళ్ళింది. ఆవిడ వెనక్కి తిరిగి చూడలేదు, మలుపు తిరిగిపోయింది.

కాసేపటికి హయగ్రీవరావుగారు మంచినీళ్ళు పట్టుకొచ్చి, ఖాళీ కుర్చీ చూసి కంగారుపడిపోయారు. "మా ఆవిడేదీ? ఎక్కడికెళ్ళింది? ఒక్క మాటైనా చెప్పలేదే!"

ఆచారిగారు రంపానికంటిన పొట్టు దులిపి, "చెప్పకుండా వెళ్ళారా?" అన్నారు. భానోజీ భుజం తట్టారు. "అయితే నీ గిడ్డంగి ఇల్లయినట్టేరా."