దుమ్ము ఆగిన చోట నడిచిన పోచాలు

ఇది మా ముత్తవ్వ చెప్పిన మాట. ఆమెకు వాళ్ళ ముత్తవ్వ చెప్పిందట. వినేవాళ్ళు కాస్త దగ్గరికి జరగండి.

ఎన్నడో, రాజుల పేర్లు ఇంకా రాళ్ళమీద చెక్కని కాలంలో, మేడిగుట్ట అని ఒక కోట ఉండేది. ఆ కోటకు ఒక రాజు, ఆ రాజుకు ఒక సైన్యం. ఆ సైన్యంలో నాలుగు దండులు.

మొదటిది గుర్రాల దండు. రాజు నాయన సముద్రపు ఒడ్డు వర్తకుల దగ్గర బేరమాడి తెప్పించిన గుర్రాలు అవి. ముందు పరుగెత్తి, శత్రువు ఎక్కడున్నాడో చూసి రావడం వాటి పని. వాటికి పసుపు జెండా.

రెండోది ఏనుగుల దండు. రాజు తాత అడవిలో పట్టించిన ఏనుగులు, వాటి పిల్లలు. కోట తలుపులు పగలగొట్టడం వాటి పని. వాటికి ఎర్ర జెండా.

మూడోది విలుకాండ్ర దండు. చేలమీద పడే అడవి పందుల్ని కొట్టడానికి పిలిస్తే వచ్చిన వేటగాళ్ళు, ఇక్కడి నీళ్ళు నచ్చి ఉండిపోయారు. దూరం నుంచి గురి చూసి కొట్టడం వాళ్ళ పని. వాళ్ళకు ఆకుపచ్చ జెండా.

నాలుగోది కాల్బలం. కరువు పడ్డ ఏడాది నాగళ్ళు పక్కన పెట్టి, పూటకింత జొన్న సంకటి కోసం బల్లెం పట్టిన రైతులు. నిలబడ్డ చోటు నుంచి కదలకపోవడం వాళ్ళ పని. వాళ్ళకు నీలి జెండా.

నాలుగు దండుల వెనక వంటవాళ్ళ బండ్లు. బండ్ల వెనక బూది అని ఒక గాడిద. ఆ గాడిద వెనక పోచాలు.

పోచాలు చాకలి. సైన్యం బట్టలు ఉతకడం అతని పని. పెళ్ళాం పోయింది, పిల్లలు లేరు. అతనికి ఏ జెండా లేదు.

ఒకసారి కనుమ అవతలి రాజు మేడిగుట్ట పశువుల్ని తోలుకుపోయాడు. యుద్ధం తప్పలేదు. సైన్యాన్ని నడిపే దళవాయి గుర్రమెక్కి, ఎవరు ఎక్కడ నడవాలో చెప్పాడు. గుర్రాలు ముందు, ఏనుగులు వెనక, విలుకాండ్రు ఆ వెనక, కాల్బలం ఆ వెనక.

"దొరా, నేనెక్కడ నడవాలె?" అని అడిగాడు పోచాలు.

దళవాయి అతనివైపు చూడకుండానే చెప్పాడు. "దుమ్ము ఆగిన చోట నడువు."

సరే అనుకున్నాడు పోచాలు. అంత సైన్యం నడిస్తే ఎంత దుమ్ము లేస్తుంది! అది లేచి, తిరిగి, నేలమీద పడ్డాక అతను నడిచాడు. అలా నడిచినవాడికే కొన్ని కనిపిస్తాయి.

మొదటిరోజు ఒక విలుకాడు కనిపించాడు. కాలికి తుమ్మముల్లు దిగి, పాదం బూరెలా ఉబ్బి, బాట పక్కన కూర్చున్నాడు.

"మీవాళ్ళేరి తమ్మీ?"

"పోయిండ్రు. ఆగితే దళవాయి తిడతడని."

"దండు పోయింది గాని, నేనున్న గద. లే, పోదాం."

ముల్లు తీసి, బట్ట కట్టి, విలుకాణ్ణి బూది మీద కూర్చోబెట్టాడు. బట్టల మూట తన నెత్తిన పెట్టుకున్నాడు.

రెండోరోజు ఒక ముసలి ఏనుగు కనిపించింది. రాళ్ళబాటకు దాని అరికాలు పగిలి నెత్తురు కారుతోంది. పక్కన మావటి నిలబడి దాని చెవి నిమురుతూ ఏడుస్తున్నాడు.

"దీన్ని ఈడనే వదిలి రమ్మన్నరు మామా. ఇది నన్ను ఎత్తుకొని పెంచింది. ఎట్ల వదలాలె?"

"దండు పోయింది గాని, నేనున్న గద. కట్టు కట్టి చూద్దాం."

ఏనుగు కాలికి కట్టంటే చిన్న గుడ్డ సరిపోతుందా? మూటంతా వెతికితే, అంత పొడుగు బట్ట ఒకటే దొరికింది. దళవాయి తలపాగా. పోచాలు ఒక్క క్షణం ఆగాడు. తర్వాత దాన్నే తీసి, ఏనుగు పాదానికి నాలుగు మడతలు వేసి బిగించాడు. ఏనుగు మెల్లగా అడుగు వేసింది.

ఆ రాత్రికి పోచాలు కూడా దండు దిగిన చోటికి చేరాడు. మర్నాడు పొద్దున దళవాయి యుద్ధానికి తయారవుతూ కబురు పెట్టాడు. "నా తలపాగా ఏది?"

పోచాలు చేతులు కట్టుకొని నిలబడ్డాడు. "ఏనుగు కట్టుకున్నది దొరా."

దళవాయి పళ్ళు కొరికాడు గాని, అప్పటికే కొమ్ములు మోగుతున్నాయి. దొరికిన గుడ్డ తలకు చుట్టుకొని పోయాడు.

యుద్ధం ఒక్క పగలు జరిగింది. మేడిగుట్ట గెలిచింది. పశువులు తిరిగి దొరికాయి. అప్పుడే వాన పట్టుకుంది. వానలో కనుమ దాటడం కష్టం కాబట్టి, అందరూ ఇంటిదారి పట్టి గబగబా నడిచారు. పోచాలు మాత్రం తన నడక తను నడిచాడు. వెంట కుంటుతున్న విలుకాడు, కుంటుతున్న ఏనుగు.

కనుమ మొదట్లో సింగన్న కనిపించాడు. కాల్బలంలో కుర్ర రైతు. తొడలో బల్లెం దిగింది. చచ్చాడనుకొని వదిలేశారు.

"నన్ను కన్న అవ్వ ఒక్కతే ఉన్నది ఇంటికాడ," అన్నాడు సింగన్న.

"దండు పోయింది గాని, నేనున్న గద," అన్నాడు పోచాలు. గాయానికి కట్టు కట్టి, సింగన్నను బూది మీద పడుకోబెట్టాడు.

కనుమ సగం ఎక్కాక కింది నుంచి ఒక మూలుగు వినిపించింది. పోచాలు ఆగాడు.

"మీరు నడవండి. నేను మళ్ళొకసారి వెనక చూసి వస్త. కోటకు చేరినంక బూదిని పంపియ్యండి. దానికి తొవ్వ ఎరుకే."

"వాన గదనే," అన్నాడు విలుకాడు.

"గొంగడి ఉన్నది గద," అని పోచాలు వెనక్కి దిగాడు.

అక్కడ కోట ముందు బయలులో పందిళ్ళు వేశారు. విస్తళ్ళు పరిచారు. ఏ దండు జెండా కింద ఆ దండు కూర్చుంది. రాజు స్వయంగా వడ్డించడానికి నడుం బిగించాడు. అప్పుడు సింగన్న తల్లి కర్ర పొడుచుకుంటూ నీలి జెండా దగ్గరికి వచ్చింది.

"నా కొడుకేడి అయ్యా?"

కాల్బలం వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "మా వెనక ఉన్నడేమో అవ్వా."

"మీ వెనక ఎవరున్నరు?"

వాళ్ళు రాజువైపు తిరిగారు. రాజు దళవాయిని అడిగాడు. దళవాయి తల వంచుకొని, "పోచాలున్నడు," అన్నాడు.

రాజు అన్నం గంప కింద పెట్టాడు. "వెనకున్నవాళ్ళు వచ్చినాకనే వడ్డన."

పొద్దు వాలేవేళకు వాళ్ళు వచ్చారు. కాలికి పట్టు తలపాగాతో ఏనుగు. దాని పక్కన మావటి. బూది మీద సింగన్న. బూది మెడ పట్టుకొని విలుకాడు. తల్లి కొడుకు మొహం రెండు చేతులతో తడిమింది. పోచాలు మాత్రం రాలేదు. విలుకాడు జరిగింది చెప్పాడు.

దళవాయి లేచి గుర్రమెక్కాడు. గుర్రాల దండు పుట్టిన నాటి నుంచి ముందుకే పరుగెత్తింది. ఆ రోజే మొదటిసారి వెనక్కి పరుగెత్తింది.

తెల్లవారేసరికి కనుమ కింద ఒక బండచాటున ఇద్దరు కనిపించారు. ఒకడు కాలు విరిగిన సిపాయి. మెడ దాకా గొంగడి కప్పి ఉంది. రెండోవాడు పోచాలు. వంటిమీద తడిసిన పంచె తప్ప ఏమీ లేదు. బండకు ఆనుకొని, సిపాయి తల ఒళ్ళో పెట్టుకొని కూర్చున్నాడు. పిలిస్తే పలకలేదు. ఒళ్ళు చల్లబడి చాలాసేపయింది.

దళవాయి సిపాయి నడుంకట్టు చూశాడు. అది కనుమ అవతలి రాజు సైన్యానిది.

"నేను మీవాణ్ణి కానని చెప్పిన," అన్నాడు ఆ సిపాయి ఏడుస్తూ. "ఒక్కసారి కాదు, మూడుసార్లు చెప్పిన. 'గాడిద వస్తది, అందాక కూసుందాం' అన్నడు. నడిరాత్రి దాకా మా ఊరి ముచ్చట్లు అడిగిండు. మా పిల్లల పేర్లు అడిగిండు. చెప్తుంటే చెప్తుంటే చెయ్యి చల్లబడ్డది."

దళవాయి తన తలగుడ్డ విప్పి పోచాలు మీద కప్పాడు. అతణ్ణి తన గుర్రం మీద కూర్చోబెట్టుకొని, వెనక నుంచి పట్టుకొని, నడకనే నడిపించాడు. సిపాయిని ఇంకో గుర్రం మీద తెచ్చారు.

బయల్లో ఉన్న మూడు దండులు లేచి నిలబడ్డాయి. రాజు మొదటి విస్తరి వేసి పోచాలుకు వడ్డించాడు. ఆ తర్వాత, అందరూ చూస్తుండగా, ఆ విస్తరి తీసుకెళ్ళి కాలు విరిగిన సిపాయి ముందు పెట్టాడు.

"తిను. ఇది నీకోసం ఆగినవాడి అన్నం."

అతను తిన్నాకే మిగిలినవాళ్ళు తిన్నారు.

ఆ కోట ఇప్పుడు రాళ్ళకుప్ప. నాలుగు జెండాల రంగులు మేం చెబితే తప్ప ఎవరికీ గుర్తులేవు. కానీ ఆ చుట్టుపక్కల పల్లెల్లో పెళ్ళి జరిగినా, చావు జరిగినా, బంతి భోజనంలో మొదటి విస్తరి అందరికంటే చివర వచ్చినవాళ్ళకే వేస్తారు. వాళ్ళు ఎవరో, ఏ ఊరో అడగరు. ముందు కూర్చోబెట్టి, అన్నం పెట్టి, "పోచాలు విస్తరి, తిను బిడ్డా," అంటారు.